డెబ్బై రెండు వేలు

రాయగడ స్టేషన్ రోడ్డు, మందుల షాపు మీద మేడ.
పదకొండుకి ఆడవాళ్ల బ్యాచి.
నా దగ్గర కాగితం లేదు.
ఎప్పుడో జిల్లా పోటీల్లో ఎత్తిన
ఎనభై కిలోలున్నాయి, ఇంకా భుజాల్లోనే.

కోర్సుకి డెబ్బై రెండు వేలు.
భువనేశ్వర్‌లో పరీక్ష, అంతా ఇంగ్లీషు.
"గోడకి తగిలించుకోడానికా అంత?" అన్నాడు ఓనరు బెహరా,
"జీతం మాత్రం పెరగదమ్మో" అని ముందే.
నిజమే. ఆరు నెలల జీతం అది,
తిండి మానేస్తే.

లెక్కేసిన చీటీ చింపేసేదాన్నే.

మొన్న పాత్రో మేడమ్
రెండు కిలోల డంబెల్ సగంలో దించేసి
ఎడమ చెయ్యి పట్టుకుని "బింధుచి" అంది.
కండా ఇది, గుండెకాయా?
"కూచోండి, నీళ్లు తాగండి."
నాకొచ్చిన వైద్యం అంతే.
కింద షాపు కుర్రాడు మెట్లెక్కి వచ్చేదాకా
ఆవిడ చెమటా నా చెమటా ఒకే తువ్వాల్లో.

కండేనట. సాయంత్రం ఫోన్ చేసి నవ్వింది.
నాకు రాలేదు నవ్వు.

రాత్రి ఫారం తెరిచాను.
పేరు: బమ్మిడి తవిటమ్మ.
అనుభవం: తొమ్మిదేళ్లు.
తెలియనివి రాయడానికి గడి లేదు.

డబ్బు కట్టే చోట వేలు పెట్టి కూచున్నా.
స్కూటీ అమ్మితే ముప్పై వస్తాయి.
నడకేగా,
ఇల్లెంత దూరమని.