గుండు, బద్ద

నా బొటనవేలిని ఫోను గుర్తుపట్టదు.
రేషను మిషనూ గుర్తుపట్టదు.
కాశీబుగ్గలో ఆరేళ్ళు జీడి కొట్టిన చేతులివి,
నూనె తోలుతో ఆగలేదు, గీతల్ని కూడా తినేసింది.
ఇప్పుడు పొట్టు తీసే బల్ల దగ్గర కూచుంటున్నాను.
అన్నాల గంటకీ మళ్ళీ గంటకీ మధ్య
అంకెలు నొక్కి తాళం తీసి
క్యారేజీ మూతకి ఫోను ఆనించి
గొడుగేసుకుని దీవిలోకి దిగుతాను.

అందరూ తుపాకుల కోసం ఇళ్ళల్లో దూరితే
నేను జీపు వెతుక్కుంటాను.
లైసెన్సు అడిగేవాడు లేడు,
ఎక్కడికే అని అడిగేవాడూ లేడు.
సముద్రం పక్క రోడ్డు మీద ఒక్కర్తినే పోతూంటే
ఎవడో చెట్టు చాటునించి కాలుస్తాడు.
చచ్చిపోయి, నవ్వుకుని,
మజ్జిగన్నం కలుపుకుంటాను.

మా పిన్ని కొడుకు అసిరినాయుడి లెక్కలో
ఇది పాపం.

వాడి వేళ్ళకి తొడుగులున్నాయి, వెండిదారం నేసినవి.
ఫోను వెనకాల బొమ్మంత ఫంకా ఉంది.
ఊరు పడుకున్నాక పింగు దిగుద్దని
వాడు పగలు పడుకుంటాడు.
పిన్ని గుడ్లగూబంటుంది.
వాడు కెప్టెనంటాడు.

విజయనగరంలో పోటీ. దానికి ముందు
ఇళ్ళల్లోంచే వడపోత. జట్టుకి నలుగురు.
సోంపేట కుర్రాడు కామెర్లొచ్చి మంచం పట్టాడు.
"అప్పా, నువ్వు రా. ఊరికే నా ఎనకాల ఉండు.
నానాగమంటే ఆగు, పడుకోమంటే పడుకో."

ఆగాను. పడుకున్నాను.
మూడో ఆటలో, వలయం మెడదాకా వచ్చేసిన ఆటలో
నీళ్ళ మీద పొద్దు పొడుస్తోంది.
బారువ ఒడ్డున నేనెన్నడూ చూడని పొద్దు,
ఆ వేళకి నేనెప్పుడూ బల్ల దగ్గరే.
ఒక్క క్షణం లేచి నిలబడ్డాను.

నలుగురం పోయాం.

చెవిలో వాడి గొంతు పగిలింది.
"ఇది ఆట కాదప్పా!
నీకు టైంపాసు. నాకు కాదు."

టైంపాసంట.
కిలోల లెక్కన అమ్మేసుకున్న పగట్లోంచి
ఇరవై నిమిషాలు దొంగిలించి తెచ్చుకుంటే
పొట్లం పల్లీల్లా నమిలేస్తున్నానా నేను?
జట్టులోంచి నా పేరు తీసేశాడు.
గోడకవతల వాడు, ఇవతల నేను,
మూడ్రోజులు మాటల్లేవు.

నాలుగో రోజు బల్ల దగ్గరికి లిఖితని కొత్తపిల్ల వచ్చింది.
డిగ్రీ సెలవులు, గోళ్ళకి ఊదారంగు.
చెవిలో పాటలు పెట్టుకుని
మొన ఎక్కడ ఆనించాలో చూడకుండా
గుండుని గుండు బద్దలు చేస్తోంది.
గుండుకున్న ధర బద్దకి లేదు,
ముక్కయితే ఇక అడక్కండి.
పైగా నవ్వు. "ఏదో సరదాకొచ్చానండీ."

"ఇదేటి ఆటనుకున్నావే గుంటా?"
అనేశాను.
అన్నాక
జల్లెడ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి మూడింటికి లేస్తే
పిన్ని ఇంటి కిటికీలో నీలం వెలుగు.
చూశాను. వాడు ఎవరితోనూ ఆడట్లేదు.
కదలని చెక్కబొమ్మ మీదికి కాలుస్తున్నాడు.
ఒక్క గుండు పక్కకి పోతే
మళ్ళీ మొదట్నించి.
ఆ లెక్క నాకు తెలుసు.
పొట్టే ఊడాలి, పప్పుకి గాటు పడకూడదు,
వెయ్యో గింజ దగ్గరా
మొదటి గింజకున్నంత భయముండాలి.

ఊచల్లోంచి టీ గ్లాసు లోపలికి పెట్టాను.
"అక్కడెట్టప్పా" అన్నాడు, తల తిప్పకుండా.
తొడుగు తీసి గ్లాసు పట్టుకున్నాడు.
వాడి బొటనవేలూ నున్నగానే ఉంది.

కలిసిపోయామని చెప్పను.
వాడు మళ్ళీ పిలవలేదు, నేనూ అడగలేదు.
లిఖితకి కత్తి పట్టడం చూపించాను.
రెండ్రోజులు నేర్చుకుంది, మూడోరోజు రాలేదు.

మధ్యాహ్నం జీపు మాత్రం నాదే.
నిన్న ఒడ్డున ఆపి, దిగి,
వలయం వీపు కాలుస్తున్నా కదల్లేదు.
ఎనభై ఏడో స్థానం అని చూపించింది.
గంట కొట్టారు.