ఏడో గాడి

చినవాల్తేరు మెట్ట మీద మా లేబు.
కిటికీ తెరిస్తే ఉప్పు, మూస్తే ఉక్క.
గింజలు మెత్తబడకుండా
డబ్బా మూతలకి మైనం పూసే పని నాది.
ఇంకా చాలా పనులు నావే,
ఉద్యోగం మాత్రం ఏడాదికోసారి నాది.

రోలు అరచేతిలో పట్టేంత.
రోకలి చూపుడువేలంత.
నైట్రోజన్ చల్లపొగలో
ఉలవగింజ గాజుపెంకులా చిట్లుతుంది.
అటెండరు పైడమ్మ గుమ్మంలో చీపురు ఆనించి
"చారుకైనా చాలదు కదమ్మా,
ఎందుకొచ్చిన దంపుడు" అంటుంది.

నూనె తీసేసి, పిండి కడిగి,
మిగిలిన చుక్కని
జెల్లు పలక మీద గాడిలో వదులుతాను.
కరెంటు తోలుతుంది.
బరువైనవి పైనే ఆగిపోతాయి,
తేలికైనవి అడుక్కి పరుగెడతాయి.
సముద్రం పక్కన పుట్టి పెరిగిన దాన్ని,
ఈ తిరకాసు ఒంటబట్టడానికి
నాకు ఏడాది పట్టింది.

రాత్రంతా నీలిమందులో నానబెట్టి
పొద్దున్నే రంగు కడుగుతూ కూర్చుంటే
ఒక్కో గీతా తేలుతుంది.
కిటికీలోంచి చూస్తే
బెర్తు కోసం ఆగిన ఓడలూ అంతే,
నీలం మీద ముదురు నీలం.

మొదటి గాడి కొలబద్ద.
రెండు కంది, మూడు మినుము,
నాలుగు వలిసెలు. ఐదులో చోడి,
ఎప్పుడూ పలచనే, ఎంత పోసినా.

ఆరో గాడి దగ్గర పెన్ను ఆగుతుంది.
ఆ లావు గీత నాకు తెలుసు.
ఆర్కే బీచిలో మావాడు
శనక్కాయల పొట్లం విప్పిన సాయంత్రం,
పెదాలు తేలిపోయి
ఊపిరి ఈలగా మారితే
కేజీహెచ్ దాకా ఆటోలో
వాడి పేరు పిలుస్తూనే ఉన్నాను.
ఎవర్ని తిట్టాలో తెలియక
అమ్మిన ముసలాయన్ని తిట్టాను.
నువ్వా అది.
ఇంత చిన్న గీతవా.
పేరు రాశాను, బరువు రాశాను, సంఖ్య వేశాను.
కాగితం వెనక్కి అచ్చు పడింది.

ఏడు, కొండ ఉలవ.
హుకుంపేట సంతలో వంతల బుద్రి ఇచ్చిన గుప్పెడు.
డబ్బులిస్తే తీసుకోలేదు,
నా సంచిలో ఉన్న సబ్బుబిళ్ళ తీసుకుంది.
ఏ రకమమ్మా అంటే
"మా కొండది" అంది.
బూడిద కలిపి దాస్తావా అంటే నవ్వింది.
"దీనికెందుకు బూడిద?
పురుగు కడుపు కట్టేస్తాది."

ఏడో గాడిలో, అట్టడుగున,
ఇంకే గాడిలోనూ లేని సన్నటి గీత.
బరువు ఎనిమిది వేల చిల్లర.
బ్లేడుతో కోసి, గొట్టంలో పెట్టి,
మంచు సర్ది, హైదరాబాదు పంపాం.
అక్కడ దాన్ని ముక్కలు చేసి తూచి
ఇరవై రెండు రోజులకి జవాబు పంపారు.
పోలిక: దొరకలేదు.
పని: తెలియదు.

"తెలియదు అనే రాసెయ్యి" అన్నారు సారు.
"తెలియనిది తెలియదనడమే సైన్సు."
నిజమే. కాదనను.
రాయబోయాను కూడా.

మా రిజిస్టరులో 'పని' అన్నచోట
గళ్ళు అచ్చేసి ఉంటాయి, అక్షరానికొకటి,
మొత్తం పన్నెండు.
పెన్సిలు తీసి ఒక్కో గడే నింపాను.
పు, రు, గు.
క, డు, పు.
క, ట్టే, స్తా, ది.
పదయ్యాయి. రెండు మిగిలాయి.
బు, ద్రి.
ఇంటిపేరుకి చోటు చాల్లేదు.

సోమవారం సారు చూస్తారు.
చెరిపించినా చెరిపించొచ్చు, రబ్బరు ఆయన బల్ల మీదే ఉంటుంది.
నీలినీళ్ళు పారబోసి, ఫ్రీజరు తలుపు
రెండుసార్లు లాగి చూసి,
గోళ్ళలో దిగిన రంగుతోనే
మద్దిలపాలెం బస్సెక్కాను.