పదిహేడో స్విచ్

డెనీస్ ఇచ్చిన కాగితంలో ఇరవై మూడు పనులు.
కొనేవాళ్ళ తరఫు మనిషి సోమవారం తొమ్మిదింటికొస్తాడట,
టార్చీ, నిచ్చెనా, గోడల్లో తడిని పసిగట్టే మీటరూ పట్టుకుని.
"పెళ్ళిచూపులనుకోరాదూ" అంది మా వదిన ఫోన్లో.
పెళ్ళిచూపులకొచ్చి ఎవరూ అటకెక్కరు కదా వదినా,
ఇది పంచనామా.

శనివారం పొద్దున్నే శేషఫణి వచ్చాడు.
ఆగస్టు నుంచీ నది అవతల మోర్టన్‌లో అద్దెకుంటున్నాడు.
తాళంచెవి జేబులో ఉంచుకునే
బెల్లు కొట్టి నిలబడ్డాడు.
పదహారేళ్ళు నువ్వు అన్న మనిషిని
"రండి" అనేశాను.

గట్టర్లలో మేపుల్ ఆకులు నల్లగా నాని
వడగట్టిన టీపొడిలా చేతికొచ్చాయి.
అతను నిచ్చెన మీద, నేను నిచ్చెన పట్టుకుని.
ఇంత ఎడంలో మాకెప్పుడూ పేచీ లేదు.

స్నానాలగదిలో టబ్బు అంచున పాత సిలికాన్ గీకాను.
అతను పూసిందే, వంకరగా.
ఆ వంకర గురించి మొదలై
మూడు రోజులు మాటల్లేకుండా గడిచాయి ఒకప్పుడు.
చాకు మొన తగలగానే
ఒకే తాడులా, తెగకుండా ఊడొచ్చింది.

ఫర్నేసు ఫిల్టరు బయటికి లాగితే
దాన్నిండా బూడిదరంగు వెంట్రుకలు, మా మినప్పప్పువి.
కుక్క పోయి రెండేళ్ళు.
ఫిల్టరు మూణ్ణెల్లకోసారి మార్చాలని
దాని మీదే రాసుంది.

బేస్‌మెంట్ గోడకి పగులు, మూల నుంచి కిటికీ దాకా.
"రంగు కొట్టేద్దామా?" అన్నాను.
"కొత్త రంగు చూస్తే ముందు అక్కడే తడతాడు.
ఉన్నదున్నట్టు చూపిద్దాం."
ఈ మాట అనాల్సింది నువ్వా అని
పెదవి దాకా వచ్చి ఆగింది.
చీపురు తీసుకున్నాను.

కరెంటు పెట్టె తలుపు తీస్తే
వరసగా తెలుగులో అతని గుండ్రటి దస్తూరీ.
వంట. పొయ్యి. పై గది. మా గది. బట్టల మిషను.
తొమ్మిదో దాని పక్కన "నీ బల్ల".
పదిహేడో దాని పక్కన "తెలీదు".

ఇంగ్లీషులో ఉండాలట, పద్నాలుగో పని.
తెల్ల టేపు ముక్కలు నేను చింపుతుంటే అతను రాశాడు.
వంట కిచెనైంది. మా గది బెడ్‌రూమ్ వన్ అయింది.
నీ బల్ల దగ్గర మార్కరు మూత
పెట్టి, తీసి, పెట్టి,
చివరికి ఆఫీస్ అన్నాడు.

"తెలీదు అంటే కుదరదు, కనుక్కో" అన్నాను.
పదిహేడు దించి కింద అతను.
ఒక్కో గదీ తిరుగుతూ పైన నేను.
"పోయిందా?"
"లేదు, వెలుగుతోంది!"
"హాల్లో?"
"వెలుగుతోంది!"
"గరాజు? ఫ్రిజ్జు?"
"అన్నీ ఉన్నాయి!"
ఈ ఇంట్లో గొంతులు లేవడం గోడలకి కొత్త కాదు,
వినబడాలని లేవడమే కొత్త.
కోట్ల అలమర, అటక, వెనక మెట్ల మీది బల్బు,
దేనికీ ఏమీ కాలేదు.
నాలుగున్నరకే పియోరియా చీకటి పడిపోయింది.
అతను పదిహేడు మళ్ళీ పైకెత్తాడు. అప్పుడూ ఏమీ కాలేదు.

టీ తాగుతావా అందామనుకునేలోపు
బూట్లు తొడుక్కున్నాడు.
ఆకుల సంచులు రెండూ రోడ్డు పక్కకి తనే ఈడ్చి
కారెక్కాడు.

రాత్రి మళ్ళీ కిందికెళ్ళి చూశాను.
అన్నిటి మీదా టేపు అంటించాడు,
పదిహేడు తప్ప.

సోమవారం తొమ్మిదికి వచ్చినాయన మంచివాడే,
బూట్లకి నీలం తొడుగులు వేసుకున్నాడు.
పగులు ఫొటో తీశాడు, గట్టర్లని మెచ్చుకున్నాడు.
పెట్టె దగ్గర టార్చి ఆపి,
ఇదేం రాసుంది, మీ భాషా అని అడిగాడు.
అవునన్నాను.
అంటే ఏంటన్నాడు.
ఐ డోంట్ నో, అన్నాను.
పాపం, ఇంకేమీ అడగకుండా
తలూపి రాసుకున్నాడు.