మంచు పనికిరాని చేతులు

వాద్సో రేవులో నవంబరు చివర
సూర్యుడు సెలవు పెట్టి పోయాక
మంగళవారం ఏడింటికి
తెర మీద ఆరు గళ్లు వెలుగుతాయి.

ఒకదాంట్లో ఓడ్‌వర్, సగం మొహం, మిగతాదంతా సీలింగు.
ఒకదాంట్లో సున్నీవా, ఒళ్లో గుడ్డి పిల్లి.
ఒక గడి ఎప్పుడూ నల్లగానే ఉంటుంది,
అందులో పేరొక్కటే కూచుని వింటుంది.

"కోపం పొంగుకొస్తే
అరచేతిలో మంచుముక్క పట్టుకోండి" అంది టోరిల్.
నేను మైకు తెరిచాను.
చేపల ఫ్యాక్టరీలో రోజుకి ఎనిమిది గంటలు
ఈ చేతులు మంచులోనే ఉంటాయి.
అయినా మొన్న ప్లేటు గోడకేసి కొట్టాను, అన్నాను.

గళ్లన్నీ నవ్వాయి.
మైకులు మూసి ఉన్నాయి కదా, చప్పుడు లేదు.
భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి.
ప్లేటు పగిలాక నాకూ అదే మొదటి నవ్వు.

"అయితే నీకు వేడి కప్పు, గున్‌వోర్.
అది పట్టుకుని చూడు,
ప్లేటుకి ముందు ఏముందో."

ప్లేటుకి ముందు ఫోను.
ఫోనులో తమ్ముడు.
నాన్న పడవ అమ్మేశాడట, మంచి ధరకే.
వెతికాను, వెతికాను.
కోపం చొక్కా తొడుక్కుని వచ్చింది గానీ
లోపలున్నది కోపం కాదు.
చిన్నబోయాను.
"నన్ను అడగలేదు" అన్నాను.

నల్ల గడి దగ్గింది.
ఏడు వారాల్లో తొలిసారి.
"నన్నూ" అంది.
ఆ తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు,
పిల్లి గురక తప్ప.

గురువారం తమ్ముడు మళ్లీ చేశాడు.
రెండు చేతులా కాఫీ పట్టుకుని
మోగనిచ్చాను.
కప్పు చల్లారాక
నేనే చేశాను.