ఎడమ మలుపు

మా అమ్మ బండి ఎడమకు తిరిగేది కాదు.
నేరుగా వెళ్తే బడికి ఆరు నిమిషాలు.
మేం ఇరవై రెండు నిమిషాలు వెళ్ళేవాళ్ళం
రైలు పట్టాల వెనకగా,
మూతబడ్డ టైర్ల గోదాం చుట్టూ,
శ్మశానం గోడ పక్క ఇరుకుదారిలో.
"ఇటైతే చెట్లు బాగుంటాయి" అనేది.
చెట్లేం లేవు. ఒక్కటుండేది,
కరెంటు తీగల కోసం నడినెత్తి నరికేసింది.

సెయింట్ లూయిస్‌కి పైన, మా వైపు ఊళ్ళు
అరచేతి గీతల్లా ఒకదాన్నొకటి కోసుకుంటాయి.
రెండు మైళ్ళ రోడ్డుకి నాలుగు ఊళ్ళు,
నాలుగు రంగుల పోలీసు కార్లు, నాలుగు కోర్టులు.
బోర్డు మీద పేరే మారుతుంది,
తారు అదే, గుంటలూ అవే.

నాకు పంతొమ్మిది నిండిన వేసవిలో
అమ్మ స్కూలు బస్సు నడిపే పనికి దరఖాస్తు పెట్టింది.
తొమ్మిదేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో
ఎవరెవరి దుప్పట్లో మడిచిన చేతులు అవి.
రెండోరోజే ఫోనొచ్చింది:
మీ పేరు మీద ఏదో ఉందండీ,
ఏ ఊళ్ళోదో మాకు కనబడదు,
తేల్చుకుని రండి.

ఆ రాత్రి వంటింటి బల్ల దగ్గర ఒక్కో ఊరూ వెతికాను.
మొదటి ఊళ్ళో లేదు.
రెండో ఊళ్ళో ఇంకెవరో ఒడెస్సా, డెబ్భై ఏళ్ళావిడ, 
ఆవిడకి తెలుసో లేదో.
మూడో ఊరికి జాబితాయే లేదు,
ఒక ఫోన్ నంబరుంది, మంగళవారం తప్ప ఎవరూ ఎత్తరు.
నాలుగో ఊళ్ళో దొరికింది.
పెట్టిఫర్డ్‌లో ఒక ట తక్కువ,
పుట్టినరోజు మాత్రం అచ్చంగా అమ్మదే.

వెనక దీపం పగిలి ఉంది.
పిలిచిన రోజున హాజరు కాలేదు.
బెంచి వారెంటు.
పిలిచిన కాగితం మేం ఖాళీ చేసిన ఇంటికి వెళ్ళింది.
అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు.

"నీకు తెలుసా?"
కప్పు తుడుస్తూనే ఉంది అమ్మ, ఎప్పుడో ఆరిపోయిన కప్పుని.
"ఉందని తెలుసు. ఎంతో తెలీదు.
అడగడానికి వెళ్తే అక్కడే ఉంచేస్తారని..."
గోటితో పోయేదానికి గొడ్డలి దాకా ఎందుకంటారే,
అమ్మ పదకొండేళ్ళూ ఆ గోరే కొరుక్కుంటూ గడిపింది.

"మీ అంతట మీరొస్తే మామూలుగా లోపల వెయ్యరు"
అంది ఫోన్లో గుమాస్తా.
మామూలుగా అన్న మాటని
అమ్మ బుధవారం దాకా నమిలింది.

నెలకోసారి కోర్టు, సాయంత్రం ఆరింటికి,
ఊరి వ్యాయామశాలలో.
బాస్కెట్‌బాల్ బుట్ట కింద జడ్జి.
మడత కుర్చీల్లో మాలాంటివాళ్ళు అరవై మంది,
ఒళ్ళో నిద్రపోతున్న పిల్లలు,
ఇంకా పెయింటు వదలని బూట్లు.
లోపలికి వచ్చే ముందే అమ్మ నాకు
చెవి పోగులు, తాళాలు, బ్యాంకు కార్డు ఇచ్చేసింది.
రెండు జతల మేజోళ్ళు తొడుక్కుంది.
జైలు నేల చల్లగా ఉంటుందని
లాండ్రీలో ఎవరో చెప్పారట.

ఒక ట తక్కువ పేరుతో పిలిచారు.
అమ్మ సరిదిద్దలేదు.
ఆ అక్షరం లేని మనిషిగానే లేచి నిలబడింది.

నాలుగు నిమిషాలు.
వారెంటు ఎత్తేశారు. తొంభై డాలర్లు, మూడు వాయిదాల్లో.
దీపం బాగుచేయించారా అని ఎవరూ అడగలేదు.
ఆ కారు ఎప్పుడో తుక్కుకి పోయింది.
"ఈ కాగితం బండిలోనే ఉంచుకోండి,
కంప్యూటరుకి తెలియడానికి వారం పడుతుంది" అంది గుమాస్తా,
తలెత్తకుండానే, కానీ మెల్లగా.

పార్కింగులో తలుపు తెరిచి పెట్టుకుని
అమ్మ ఒక జత మేజోళ్ళు విప్పింది.
ఏం మాట్లాడలేదు.
కూడలి దగ్గర ఎడమ సిగ్నలు వేసింది.
టిక్కు టిక్కుమంటోంది.
దారి ఖాళీగానే ఉంది, అయినా తిప్పలేదు.
వెనక ఎవరో హారను కొట్టారు.

తిరిగింది.
బల్బు కొనాలనుకున్న విడిభాగాల దుకాణం
ఇప్పుడు పళ్ళ డాక్టరు క్లినిక్కు.
అమ్మ దానికేసి చూసిందో లేదో నాకు తెలియదు,
నేను గడియారం చూస్తున్నాను.
ఆరు నిమిషాలు అనుకున్నాను.
ఎనిమిది పట్టింది.
పసుపు దీపానికి కూడా ఆగింది అమ్మ.