విరుగుడు ఆయుష్షు

ఎలియేసర్ నౌతో, నలభై ఒకటి.
సముద్రం అడుగున ఆల్చిప్పలు కోసే మునకగాడు.
పడవకీ రేవు దుంగకీ మధ్య చెయ్యి ఇరుక్కుని
కుడి భుజం గూడు తప్పింది.

చిలోయె దీవి కొసన మా చిన్న ఆసుపత్రి.
ఇక్కడ వాన నిలువుగా కురవదు,
కిటికీని పక్కనుంచి కొడుతుంది.

డాక్టర్ కార్కమో బూట్ల బురదైనా దులుపుకోకుండా బరువడిగాడు.
ఎనభై రెండు కిలోలు.
ఆఖరిసారి తిన్నదెప్పుడు? తెల్లారుజామున. రొట్టె ముక్క.
పడని మందులున్నాయా?
"నాకు పడనిది సముద్రమొక్కటే" అని
నవ్వబోయి పళ్ళు బిగించాడు.

మిడజోలమ్, రెండు మిల్లీగ్రాములు.
ఇది నొప్పిని తియ్యదు,
నొప్పి పడ్డ సంగతిని తీసేస్తుంది.
ఫెంటనిల్, యాభై. ఆగి, ఇంకో యాభై.
ఇది నొప్పిని తీస్తుంది,
దాని వెంట ఊపిరి పీల్చాలన్న ధ్యాసనీ కాస్త.
ట్రేలో ఎడం పక్కన విరుగుళ్ళు రెండూ
సీళ్ళు తియ్యకుండా పెట్టుకున్నాను.
పద్దెనిమిదేళ్ళుగా ఇదే అలవాటు:
మందు కన్నా ముందు విరుగుడు మీది తేదీ చదువుతాను.

రెప్పలు సగం దిగాయి.
అప్పుడు మాట్లాడాడు, పైకప్పులో ఎవరితోనో:

"కునుకు పట్టింది, నిబాల్దో.
కంప్రెసర్ ఒకటే రొద, జోల పాడినట్టు.
గాలి గొట్టం నా చేతుల్లోనే ఉంది.
రెండుసార్లు లాగితే పైకి తియ్యమని.
ఒకసారి లాగితే ఇంకా వదలమని.
నాకు ఒకటే తెలిసింది తమ్ముడూ.
వదిలాను."

డాక్టరు వినలేదు.
చంకలోంచి దుప్పటి చుట్టి అటు ఆయా,
మణికట్టు పట్టుకుని ఇటు తను,
బావిలోంచి చేదనట్టు నిదానంగా లాగుతున్నాడు.
తక్కుమని ఎముక గూట్లో పడింది.
అందరం ఊపిరి వదిలాం.
అతనొక్కడూ తీసుకోలేదు.

చదువుకున్నదే, అయినా ప్రతిసారీ కొత్తే:
అంతసేపూ పొడిచి పొడిచి
అతనిచేత ఊపిరి పీల్పించింది నొప్పే.
అది వెళ్ళిపోయింది. ఇక కాపలా లేదు.

తొంభై ఆరు. తొంభై. ఎనభై నాలుగు.
గడ్డం ఎత్తాను. దవడ ముందుకి తోశాను.
"ఎలియేసర్! పీల్చు!"
మాస్కు అదిమి సంచి నొక్కుతుంటే
ఛాతీ నా చేతి మాటే వింటోంది, అతని మాట కాదు.

"రోసల్బా, నాలోక్సోన్. సున్నా పాయింట్ ఒకటి."
ఒక్కసారిగా ఇవ్వం.
నిద్రలో నడిచేవాణ్ణి అరిచి లేపరు,
భుజమ్మీద చెయ్యేసి ఇంటివైపు తిప్పుతారు.
మళ్ళీ సున్నా పాయింట్ ఒకటి.
మూడో నిమిషాన ఛాతీ తనంతట తానే లేచింది.
కళ్ళు విప్పి మొదట అన్నమాట: "అబ్బా."
ఆ వారంలో అంత కమ్మని మాట వినలేదు.

"రెండోది కూడా ఇద్దామా?" అన్నాడు డాక్టరు.
మిడజోలమ్‌కి విరుగుడు. అక్కడే ఉంది, సీలు తియ్యలేదు.
"ఊపిరి బాగానే ఉంది, వద్దు" అన్నాను.
అది వైద్యమే. వైద్యం మాత్రమేనా అంటే
చెప్పలేను.

కాసేపటికి నాలుక తడుపుకుని అడిగాడు:
"ఏమైనా వాగానా?"
"గురక పెట్టారు."
తలాడించాడు. నమ్మాడో లేదో.

కాగితం నింపాను. మందు, మోతాదు, వేళ,
ఆక్సిజన్ అంకెలు, ఎవరెవరున్నారు.
తమ్ముడికి గడి లేదు.

ఇక అసలు పని: కూర్చోవడం.
విరుగుడు ఆయుష్షు తక్కువ.
మందు ఇంకా రక్తంలో తిరుగుతుండగానే
ఇది అలిసి వెళ్ళిపోతుంది,
తేలినవాడు మళ్ళీ మునగొచ్చు.
అందుకే మంచం పక్కన స్టూలు వేసుకుని
అతని వేలి నుంచి యంత్రానికి పోయే తీగని
ఊరికే, రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాను.

ఒంటిగంట దాటాక తీగ కదిలింది.
మళ్ళీ కదిలింది.
స్టూలు వెనక్కి పడేలా లేచాను.

పక్కకి తిరిగి పడుకున్నాడు, అంతే.