రశీదు

మీ నడుము నాకు తెలుసు సార్.
గడియారం చౌరస్తా ఎనక సందుల
ఏడడుగుల కొట్టు నాది.
ముప్పయ్యొక్క ఏండ్ల సంది
మీ అంగీలు, లాగులు నేనే కుడుతున్న.

మొదటిసారి నామినేషనుకు పోయేనాడు ముప్పై రెండు.
చేతులు పైకెత్తి నిలవడ్డరు, నవ్విండ్రు.
చంక కాడ చినిగిన పాత అంగిని
విప్పి, మడిచి, సంచిల వెట్టుకుంట
"ఇంటికాడ ఇంకొన్నాళ్లు తొడుక్కుంట కుర్మయ్యా" అన్నరు.
ఆ ఒక్క మాటకు
మా ఇంట్ల ఆరు ఓట్లు.

ఇప్పుడు టేపు మీ ఎనక నుంచి తిప్పితే
కొస నా చేతికి అందది.
పని నేర్చుకునే పిలగాడు ఇంకో దిక్కు వట్టుకోవాలె.

నడుముదేముంది, వయసుకు ఎవనికైనా పెరుగుతది.
కీసల సంగతి చెప్త.
మొదట్ల ఒక్కటే కీస, పెన్ను వట్టేంత.
పార్లమెంటుకు గెలిచిన ఏడు లోపల ఒకటి కుట్టమన్నరు.
మలా గెలిస్తే దాని లోపల ఇంకొకటి,
జిప్పుతోని.
ఎందుకని నేనడగలే.
అడగకుంట కుట్టినోన్ని నేను సుత.
అది దాచిపెడితే
ఈ చెప్పేదంత అబద్ధమైతది.

ఎలక్షనొస్తే రాత్రంత మిషిని ఆగది.
ఏ రంగు కండువకైనా అంచు ఒకటే, కుట్టు ఒకటే,
దారపు రీలు మారుస్త, అంతే.
పైకం చేతి నుంచి చేతికి. కాయితం ఉండది.

మొన్న మాపటీలి మన్నెమ్మ వచ్చింది,
కోయిలకొండ దిక్కు పిల్ల.
తల్లి పూనల మేస్త్రి కాడ మట్టి మోస్తుంటే
ఇసుక కుప్ప మీద అక్షరాలు దిద్దిందట.
ఎనకాల
బస్టాండ్ల చార్జర్లు అమ్మే ఊశప్ప,
కోర్టు కాడ టైపు కొట్టే రుక్సానా,
ఇంక నేనెరగని మొఖాలు నాలుగైదు.
తెల్ల గుడ్డ, పదిహేను గజాలు, చందాలేసి కొన్నదట.
"అంచులు మడిచి కుట్టు కాకా, రాసుడు మేం రాసుకుంటం."

ఏం రాస్తరంటే చెప్పింది.
ఢిల్లీ సభల మా జిల్లా పేరు
అయిదేండ్లల్ల ఎన్నిసార్లు పలికిండ్రు?
పోయిననాడు భూమెంత, వచ్చిననాడు ఎంత?
ఇరవై అయిదేండ్లకు నిలవడొచ్చని చట్టమున్నప్పుడు
మా వయసు జెండ కట్టెలు మోసుటానికేనా?

నాకు మీ కొడుకు యాదికొచ్చిండు సార్.
నలభై ఏడు నిండినయి, చత్వారం వచ్చింది,
ఆయన కండువ మీద
ఇంకా "యువనేత" అనే కుట్టిస్తున్నరు.

కుట్టుడైనంక
పదులు, ఇరవైలు, రూపాయి బిళ్లలు
లెక్కవెట్టి బల్ల మీద వోసింది.
పోదు. నిలవడ్డది.
ఏందమ్మా?
"రశీదు."

ముప్పయ్యొక్క ఏండ్లల్ల
ఏ రంగోడు అడగలే ఆ మాట.
కొట్ల మూడు కత్తెరలున్నయి,
డబ్బ నిండ గుండీలున్నయి,
రశీదు బుక్కు లేదు.
"రేపు ఒకలను లెక్క అడగవోతున్నం కాకా,
మా లెక్క మా దగ్గర ఉండాలె గద."

పిలగాన్ని ఉరికిచ్చిన.
పుస్తకాల దుకాణం షట్టరు సగం దిగంగ
ముప్పై రూపాయలకు ఒకటి తెచ్చిండు.
నడుమ కార్బన్ కాయితం వెట్టుడు నాకు రాలే,
ఊశప్ప వెట్టిచ్చిండు.
పట్టుగుడ్డ మీద కత్తెర వెట్టినా వణకని చెయ్యి
ఆ పొద్దు వణికింది.
నంబరు ఒకటి.
అంచు కుట్టుడు, నూటా యాభై.
కింద సంతకం, పూర్తి పేరు.

మీ అంగి తయారైంది సార్,
ఢిల్లీకి తొడుక్కపోయేది,
ఇస్త్రీ గూడ అయింది.
కొలత మీరు చెప్పిందే.
లోపలి కీసలు కుట్టలే.
కాలరుకు చీటీ పిన్ను చేసి పెట్టిన,
నంబరు రెండు.

మీ డ్రైవరు రెండుసార్లు వచ్చిండు.
అంగి ఇయ్యి, చీటీ తీసెయ్యి అంటడు.
తియ్యలే.

కొట్టు తొమ్మిది దాకా తెరిచే ఉంటది.
మీరే రాండ్రి.